నిలబడి దిగని ఫోటో

ఫ్రాన్సు దేశానికి మొట్టమొదటి ఫుట్‌బాల్ ఛాంపియన్లు ఫ్రెంచివాళ్ళు కాదట. ఈ సంగతి నాకు దోహాలో సముద్రం పక్క రోడ్డు మీద, ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండగా తెలిసింది. వెనక సీట్లో కూర్చున్న ముసలి ఫ్రెంచి సారు తనలో తాను నవ్వుకుంటూ, "మై ఫ్రెండ్, మా మొదటి ఛాంపియన్లు ఎవరో తెలుసా? నీలాంటివాళ్ళు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. డ్రైవర్ని పట్టుకుని 'నీలాంటివాళ్ళు' అన్నాక దాని వెంట మంచిమాట రావడం నేనెప్పుడూ వినలేదు. అద్దంలో ఆయన ముఖం చూశాను. వెటకారం ఏమీ కనిపించలేదు, సరే చెప్పనిద్దాం అనుకున్నాను.

నాది కడప జిల్లా. దోహాలో ఒక చిన్న కంపెనీలో డ్రైవర్ని. మా కంపెనీ ఒక చేత్తో బిల్డింగుల రిపేర్లు చేస్తుంది, ఇంకో చేత్తో కార్లు అద్దెకిస్తుంది. ఆ చలికాలమంతా ఈ సారును నాకు అంటగట్టారు. ఆయన పాత ఆటల చరిత్ర రాసే మనిషి. ఇక్కడొక ప్రదర్శనశాలలో ఫుట్‌బాల్ పుట్టుపూర్వోత్తరాల మీద ఒక గది కడుతుంటే, అందులో ఫ్రాన్సుకు కేటాయించిన గోడను నింపడానికి వచ్చాడు. గోడ ఒకటే, ఆయన దగ్గర కథలు మాత్రం ఊరికి సరిపడా ఉన్నాయి. ఆ కథలన్నీ ముందు నా చెవిలో పడేవి.

నూటపాతికేళ్ళు దాటిన సంగతి. పారిస్‌కు పొట్ట చేత పట్టుకుని వచ్చిన ఇంగ్లీషువాళ్ళు, స్కాట్లాండువాళ్ళు, కొట్లలో గుమాస్తాలు, యంత్రాల దగ్గర మెకానిక్కులు, వీళ్ళంతా సెలవు దొరికితే ఊరి బయట మైదానాలకు వెళ్ళి బంతి ఆడుకునేవాళ్ళట. వాళ్ళే క్లబ్బులు పెట్టుకున్నారు. వాళ్ళను చూసి అక్కడి చదువుకునే కుర్రాళ్ళు కూడా మొదలుపెట్టారు. అన్నీ కలిపితే అరడజను క్లబ్బులు ఉంటాయేమో, అవీ పారిస్ చుట్టుపక్కలవే. వాటి మధ్య పోటీ పెట్టి దానికి ఏకంగా ఫ్రాన్సు ఛాంపియన్‌షిప్ అని పేరు పెట్టేశారు. ఆఖరి ఆట సమానంగా ముగిసింది, ఎవరూ గెలవలేదు. ఇంకో రోజు పెట్టుకుని మళ్ళీ ఆడితే అప్పుడు తేలింది. గెలిచిన జట్టులో ఫ్రెంచివాడు వెతికితే ఒకడు దొరుకుతాడేమోనట.

"అంటే సార్, మీ దేశం కప్పు బయటినుంచి వచ్చిన లేబర్ కొట్టేసినారు" అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. ఆ రోజు నుంచి ముందు సీట్లో కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఆయన ఇష్టంగా చెప్పిన కథలు చాలా ఉన్నాయి. ఇష్టం లేకుండా చెప్పింది ఒక్కటే. కొన్నేళ్ళ తర్వాత పారిస్ బయటి క్లబ్బులను కూడా పోటీకి రానిచ్చారట. ఒక ఏడాది ఒక రేవు పట్టణం క్లబ్బు ఛాంపియన్ అయింది. ఎలా అయింది? ఆఖరి ఆటకు ముందు ఆడాల్సిన జట్టు మానుకుంది. ఆఖరి ఆటకు రావలసిన పారిస్ క్లబ్బేమో ఏదో పంతానికి పోయి ఆడనంది. అలా వీళ్ళు బంతి తన్నకుండానే ఛాంపియన్లయ్యారు. "సిగ్గుచేటు. నా గోడ మీద ఆ ఏడాదికి చోటు లేదు" అని కిటికీ వైపు తిరిగిపోయాడు సారు.

నాకు మాత్రం అన్నిటికంటే ఆ కథే నచ్చింది. ఆ సాయంత్రం వంట చేసుకుంటూ గదిలో అందరికీ చెప్పాను.

మా గది అల్ దోహా అల్ జదీదాలో, కింద దర్జీ దుకాణం ఉన్న ఒక పాత బిల్డింగులో. గదిలో నేను తప్ప మిగతావాళ్ళంతా తెలంగాణవాళ్ళు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన కాకా అందరికంటే పెద్ద. ఆయన షట్టరింగ్ కార్పెంటరు, అంటే స్లాబు పోసే ముందు దాని కింద చెక్క అచ్చు కట్టే మనిషి. కట్టిన అచ్చు కాంక్రీటు గట్టిపడగానే విప్పేస్తారు కాబట్టి ఆయన పని ఏ బిల్డింగులోనూ కనపడదు. ఇరవై ఏళ్ళు పైబడింది వచ్చి. రెండేళ్ళకొకసారి ఊరికి పోయి రావడమే తప్ప ఇంకో ఊసు లేదు. ఇప్పుడు వీసా క్యాన్సిల్ చేయించుకుని, మళ్ళీ రాకుండా వెళ్ళిపోతున్నాడు. టిక్కెట్టు వచ్చేసింది.

నా కథంతా విని, ఉల్లిగడ్డ కోస్తూ కాకా అన్నాడు: "మరి గెలువక ఏం జేస్తరు బిడ్డా? వాళ్ళు తయారుగై అచ్చిన్రు. అచ్చినోళ్ళది తప్పా, రానోళ్ళది తప్పా?"

ఫ్రాన్సు చరిత్ర మీద మా గదిలో అంతకు మించి చర్చ జరగలేదు. ఇంతలో ఊరి నుంచి కాకాకు వీడియో కాల్ వచ్చింది.

ఆయన భార్యను నేను చిన్నమ్మా అని పిలుస్తాను. మనిషిని ఎప్పుడూ ఎదురుగా చూడలేదు, ఫోన్లోనే చుట్టరికం. ఆమెకు మాట తడుముకోవడమనేది తెలియదు. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు ఇది దుబాయే. ఆ రోజు ఫోన్ గోడకేసి తిప్పి, ఇన్నేళ్ళుగా కాకా పంపిన ఫోటోలు నాకు చూపించింది. ఒకదాంట్లో తెల్ల కారు పక్కన కాకా. ఇంకోదాంట్లో ఎర్ర కారు పక్కన. తర్వాత అద్దాల బిల్డింగు ముందు, నీళ్ళు చిమ్మే ఫౌంటెన్ ముందు. అన్నిట్లోనూ చేతులు కట్టుకుని, బిగుసుకుని నిలబడి ఉన్నాడు. ఆ కార్లలో సగం మా కంపెనీవే, నేను కడిగినవే.

"సూసినవా బిడ్డా? ఎవల్దో కారు, దాని పక్కన గీయిన. ఎవల్దో బిల్డింగు, దాని ముంగట గీయిన. ఇన్నేండ్లు దుబాయ్ ల నిలబడనీకె పోయిండా? నేనైతే నిలబడ్డ మనిషిని జూసి లగ్గం జేసుకోలే."

"పని చేస్తాన్న ఫోటో ఒకటి పంపరాదా కాకా?" అన్నాను నేను.

కాకా తల అడ్డంగా ఊపాడు. వచ్చిన కొత్తలో అలాంటిది ఒకటి పంపాడట. ఒంటినిండా సిమెంటు, నెత్తికి గుడ్డ, చేతిలో సుత్తి. అది చూసి వాళ్ళమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ దెబ్బతో పనిలో ఫోటో దిగడం మానేసి కార్ల దగ్గరికి వచ్చాడు.

"అచ్చేటప్పుడు బంగారం వద్దు, కంబళ్ళు వద్దు" అంది చిన్నమ్మ. "ఒక్క ఫోటో తే. నువ్వు ఏదన్న జేస్తున్నది. గదొక్కటి వెట్టి, గోడమీదియన్ని తీసేస్త."

ఫోన్ పెట్టేశాక కాకా చాలాసేపు ఉల్లిగడ్డ ముట్టుకోలేదు. ఆమె మాట ఆయనకు గుచ్చుకుంది. ఇరవై ఏళ్ళు ఇక్కడుండి, తాను చేసింది ఇదీ అని చూపించడానికి ఒక్క బొమ్మ లేకపోవడం ఏమిటని ఆ మాట విన్నాకే తోచినట్టుంది. "ఇప్పుడు ఏడికెళ్ళి తేవాలె బిడ్డా గసొంటి ఫోటో?" అని నన్నే అడిగాడు.

ఆ ఫోటో నా కారులోనే దొరుకుతుందని నేను అప్పుడు అనుకోలేదు. ఆ వారంలోనే సారుకు ఒక ఆలోచన వచ్చింది. ఆ మొదటి ఆఖరి ఆటను తిరిగి ఆడించి, ఫోటోలు తీసి, ఆ కాలపు నలుపు తెలుపు బొమ్మల్లా గోడకు పెట్టాలి. ఆడేవాళ్ళు నటులు కాకూడదు. అప్పట్లో పారిస్‌లో పరాయి దేశపు పనివాళ్ళు ఆడారు కాబట్టి, ఇప్పుడు దోహాలోనూ అటువంటివాళ్ళే ఆడాలి. గెలిచే జట్టుగా పారిశ్రామికవాడ క్యాంపులోని నేపాలీ కుర్రాళ్ళను మాట్లాడుకున్నాడు. వాళ్ళు నిజంగానే ఆడతారు. ఓడే జట్టు కోసం నన్నడిగాడు. ఓడడానికైతే మావాళ్ళకు ఏ ట్రైనింగూ అక్కర్లేదని చెప్పి, మా బిల్డింగులో నాతో కలిపి పదకొండు మందిని పోగుచేశాను.

డబ్బులు మాత్రం ఇవ్వడట. ఇవ్వలేక కాదు. ఆ ఛాంపియన్‌షిప్‌లో డబ్బు తీసుకుని ఆడితే మనిషిని వెలివేసేవాళ్ళట, సరదాకు ఆడేవాళ్ళే ఆడాలి. చొక్కా, మధ్యాహ్నం బిర్యానీ, ఒక్కొక్కరికి ఒక ఫోటో, అంతే. ఈ మాట చెప్పగానే మా గదిలో నిజామాబాద్ తమ్ముడు చేతిలో గరిటె కింద పెట్టేశాడు. "ఫులూస్ మాఫీ? పైసల్ లేవా? గట్లయితే ఆట గాదన్నా, శ్రమదానం." బిర్యానీ ఎక్కడిదో చెప్పాక మళ్ళీ గరిటె తీసుకున్నాడు.

కాకా మాత్రం ఫోటో దగ్గరే ఆగిపోయాడు. "ఆడుతున్న ఫోటోనేనా? నిలబడ్డది గాదుగదా?" అని రెండుసార్లు అడిగాడు. సినిమా తీసినట్టు తీస్తారు కాకా, నువ్వు గాల్లో ఎగురుతున్నా పడుతుంది అన్నాను. మరునాడు సారు గదికి వచ్చి, కాకా మీసాలు చూసి ముచ్చటపడ్డాడు. ఆ కాలపు గోల్‌కీపర్లకు సరిగ్గా ఇలాంటి మీసాలే ఉండేవని, గోల్ దగ్గర ఈయన తప్ప ఇంకొకరు నిలబడడానికి వీల్లేదని తేల్చేశాడు. ఆ విధంగా మా కాకా పారిస్ క్లబ్బుకు గోల్‌కీపర్ అయ్యాడు. షూటింగు శుక్రవారం. ఆదివారం ఆయన విమానం.

ఫుట్‌బాల్‌లో కాకాకు తెలిసింది ఒక్కటే, బంతి గుండ్రంగా ఉంటుందని. ఆయన ఆట కబడ్డీ. వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన కూతకు వస్తున్నాడంటే జనం పోగయ్యేవాళ్ళని జగిత్యాల వాళ్ళు చెప్పుకుంటారు. అల్ ముంతజాలో ఒక బడి వెనక ఖాళీ స్థలంలో ప్రాక్టీసు పెట్టాం. నిజామాబాద్ తమ్ముడు బంతి తన్నుకుంటూ గోల్ మీదికి ఉరికాడు. కాకా బంతిని చూడనైనా చూడలేదు. ఒక్క దూకు దూకి తమ్ముడి చీలమండ రెండు చేతులా పట్టేసి, మోకాలి మీద బరువేసి కింద కూలేశాడు. బంతి తన మానాన తాను గోల్లోకి దొర్లిపోయింది. కాకా మాత్రం "అవుట్!" అని లేచి దుమ్ము దులుపుకుంటున్నాడు.

"కాకా, పట్టుకోవాల్సింది మనిషిని కాదు, బంతిని" అన్నాను.

"బంతి ఒక్కతే రాదుగద బిడ్డా, మనిషే తెస్తడు. మనిషిని వడ్తె అయిపాయె."

ఎంత చెప్పినా అదే వరస. మనిషి మీదికి వస్తే చేతులు వాటంతట అవే కాళ్ళ మీదికి పోయేవి. పన్నెండేళ్ళ వయసులో పట్టుబడ్డ విద్య ఒక వారంలో ఎక్కడ పోతుంది? చూడడానికి వచ్చిన సారు మొదట నెత్తి పట్టుకున్నాడు, తర్వాత కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఆఖరికి కాకా ఒక ఒప్పందానికి వచ్చాడు: చరిత్రలో ఉన్నట్టు గోల్స్ వదిలేస్తాడు, కానీ ఒక్క బంతి మాత్రం ఎగిరి పట్టుకుంటాడు. ఆ ఒక్కటి సారు వెంట వచ్చిన కెమెరా అమ్మాయి తీయాలి. ఫిలిప్పీన్స్ అమ్మాయి, సరేనని చేతిలో చెయ్యి వేసింది. దాంతో కాకా పని నుంచి రాగానే నాతో బంతులు విసిరించుకుని, గదిలో మంచం మీదికి ఎగిరి పట్టడం నేర్చుకున్నాడు. మంచం కోడు ఒకటి విరిగింది. తనే బాగుచేసుకున్నాడు.

గోల్ స్తంభాలు కూడా ఆయనే చేశాడు. సారుకు ఇనుప స్తంభాలు వద్దు, ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి వద్దు, వెనకాల టవర్లు కనపడకూడదు. అందుకని అల్ షహానియా దగ్గర ఒంటెల ఫారాల అవతల ఒక చదును నేల చూశాం. సైటులో మిగిలిన చెక్కతో కాకా రెండు గోల్స్ చేసి, విప్పి, బస్సులో వేయించి, అక్కడ మళ్ళీ బిగించాడు. లెవెలు పెట్టి చూసి మరీ బిగించాడు. బంతి పోవడానికి ఇంత లెవెలెందుకు కాకా అంటే నా వైపు అదోలా చూశాడు.

శుక్రవారం పొద్దున్నే చేరిపోయాం. ఎండ ఇంకా లేత. మా బిల్డింగు కింది దర్జీ కుట్టిన మందపాటి తెల్ల చొక్కాలు, మోకాళ్ళు దిగే నిక్కర్లు, నెత్తిన చిన్న టోపీలు. ఒకరినొకరు చూసుకుని నవ్వలేక చచ్చాం. పందెపు ఒంటెలు రంగురంగుల దుప్పట్లు కప్పుకుని వరసగా వచ్చి, తిన్నగా మా మైదానం మధ్యలోంచే పోయాయి. వాటిని నడిపిస్తున్నతను మా నిక్కర్లను చూసి సలాం కొట్టడం కూడా మరిచిపోయాడు. కాకా గోల్ ముందు నిలబడి, చేతులు రుద్దుకుంటూ, గాల్లోకి చిన్నచిన్న ఎగురుళ్ళు ఎగురుతున్నాడు. చిన్నమ్మకు అప్పటికే ఫోన్ చేసి చెప్పేశాడట, ఇయ్యాల ఫోటో దిగుతున్న అని.

నేపాలీ కుర్రాళ్ళ బస్సు రాలేదు. దారి తప్పారేమో అనుకున్నాం. ఎండ ముదిరింది. చొక్కాలు గుచ్చుకోవడం మొదలైంది. ఎప్పటికో వాళ్ళ పెద్దమనిషి నాకు ఫోన్ చేశాడు. వెనక మిక్సర్ల రొద. నిన్న మొదలుపెట్టిన స్లాబు ఇంకా అయిపోలేదు, మధ్యలో పంపు చెడిపోయిందట, అందరినీ డ్యూటీ మీదే ఉంచేశారట. మాఫ్ చేయమని హిందీలో పదేపదే అన్నాడు. అది విన్నాక నాకు వచ్చిన కోపానికి లెక్క లేదు. కంపెనీని, పంపును, కాంక్రీటును, వరసగా తిట్టిపోశాను.

కాకా మాత్రం, "ఎంత మందం స్లాబట?" అన్నాడు.

"ఎంతైతే ఏంది కాకా! వాళ్ళు రావడం ల్యా!"

"రారు బిడ్డా. ఎట్లస్తరు? స్లాబు నడిమిట్ల ఆపద్దు. ఆపితే ఆడ అతుకు వడ్తది, రేపు వాన కురిస్తె అండ్లకెళ్ళి నీళ్ళు గారుతయి. వాళ్ళనేం అనకు."

అనడం అన్నాడు గానీ ముఖం వాడిపోయింది. ఇంకో శుక్రవారం లేదు ఆయనకు. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు, అందుకే ఎవరమూ ఆయన వైపు చూడలేకపోయాం. సారు మడత కుర్చీలో కూలబడి, చేతికర్రతో ఇసుక గీకుతున్నాడు. కెమెరా అమ్మాయి మధ్యాహ్నం దాకానే ఉంటుంది. కాకా గోల్ దగ్గర్నుంచి నడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"సారును ఒక్క మాట అడుగు. మనం అచ్చినం, వాళ్ళు రాలే. గా రేవు పట్నపోళ్ళ లెక్క, మనం గెలిచినట్టేనా?"

నేను అదే మాట ఇంగ్లీషులో చెప్పాను. సారు కర్ర ఆగిపోయింది. సిగ్గుచేటు అన్న మనిషి కదా, ఇప్పుడేం తిడతాడోనని చూస్తున్నాను. ఆయన మా పదకొండు మందినీ, టోపీలనూ, చెమటలనూ, లెవెలుగా బిగించిన ఆ గోల్ స్తంభాలనూ ఒకసారి కలియజూశాడు. "వాళ్ళు కూడా ఇలాగే పొద్దున్నే వచ్చి నిలబడి ఉంటారు కదా. నేనెప్పుడూ వాళ్ళ వైపు నుంచి ఆలోచించలేదు" అన్నాడు. అంతలోనే లేచి హడావిడి మొదలుపెట్టాడు. మొదట ఆ రేవు పట్టణం జట్టు చొక్కాల రంగు ఇది కాదని గునిశాడు. ఆ తర్వాత నలుపు తెలుపు ఫోటోలో ఏ రంగైనా ఒకటేనని తనే సర్దిచెప్పుకున్నాడు. ఈల వేసి, గడియారం చూసి, ఖాళీగా ఉన్న అవతలి గోల్ వైపు కాసేపు గంభీరంగా చూసి, చెయ్యెత్తి మమ్మల్ని ఫ్రాన్సు ఛాంపియన్లుగా ప్రకటించాడు. మేం వేసిన కేకలకు దూరంగా ఒంటెలు తలలు తిప్పాయి.

తర్వాత జట్టు ఫోటో. రెండు వరసలు, ముందువాళ్ళు మోకాళ్ళ మీద, వెనకవాళ్ళు చేతులు కట్టుకుని. నడుమ కాకా, చేతిలో బంతి. కెమెరా అమ్మాయి చాలాసార్లు నొక్కింది. సారు మహా సంబరపడ్డాడు, గోడకు దొరకాల్సింది దొరికిందన్నాడు.

వరస చెదిరాక కాకా టోపీ తీసి చేత్తో తిప్పుకుంటూ, "మల్ల నిలబడే దిగితి గదరా" అన్నాడు, మెల్లగా. కావాలంటే బంతి విసురుతా, ఎగిరి పట్టు, తీయమందాం అన్నాను. వద్దన్నాడు. "ఎదురు మనిషి లేంది ఏం ఆట బిడ్డా. ఆమెకు ఎర్కైతది."

అలా అని వెళ్ళి గోల్‌కు ఆనుకుని కూర్చున్నాడు. కూర్చుని చెప్పులు లేని కాలితో నేలను తట్టి చూశాడు. మెత్తటి మట్టి, రాళ్ళు లేవు. ఇంకోసారి తట్టాడు. లేచి, మడమతో ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక గీత లాక్కుంటూ పోయాడు. ఏం చేస్తున్నాడో మావాళ్ళకు చెప్పక్కర్లేకపోయింది. నిజామాబాద్ తమ్ముడు "యల్లా!" అని కేక పెట్టి అవతలి పక్కకు దూకాడు. క్షణంలో అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. రెఫరీగా నేను మిగిలాను.

కాకా వంగి నేలను ముట్టి కళ్ళకద్దుకున్నాడు. ఊపిరి పీల్చి, "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అంటూ గీత దాటాడు. నేను ఆయన్ను అంతవరకూ మంచం మీద నడుం వాల్చిన మనిషిగా, మెట్లెక్కి ఆయాసపడే మనిషిగా చూశాను. ఇది వేరే మనిషి. మునివేళ్ళ మీద ఇటు ఊగి అటు ఊగి, చేతులు చాచి, కళ్ళు ఐదుగురి మీదా ఒకేసారి. సారు నా పక్కకు వచ్చి, ఆయన ఏమంటున్నాడని అడిగాడు.

"ఊపిరి తెగలేదని చెప్పడం సార్. అవతలి పక్కకు పోయి, వాళ్ళను ముట్టుకుని, ఆ ఒక్క ఊపిరితోనే తిరిగి తన గీతలోకి వచ్చేయాల."

"తిరిగి రాలేకపోతే?"

"అవుట్ సార్."

అంతలో కాకా తమ్ముడి భుజాన్ని ముట్టేశాడు. ముట్టి వెనక్కి తిరిగేసరికి ముగ్గురు ఒకేసారి కాళ్ళ మీద పడ్డారు. మామూలుగా అయితే అక్కడితో అయిపోవాలి. కాకా కూత ఆపలేదు. ముగ్గుర్నీ ఈడ్చుకుంటూ బోర్లా పడి, మోచేతులతో పాకుతూ, గొంతు పూడుకుపోతున్నా "కబడ్డీ కబడ్డీ" అంటూ, చెయ్యి చాచి గీత మీద వేశాడు. నేను ఈల వేయడం మరిచిపోయి అరిచాను. ఆయన నేల మీద వెల్లకిలా తిరిగి, నోట్లో మట్టి ఉమ్మేసి నవ్వుతున్నాడు. కెమెరా అమ్మాయి మాకు అడ్డంగా ఇసుకలో పొట్ట మీద పడుకుని ఉంది. ఎప్పటినుంచి ఉందో నేను చూడలేదు.

ఆ తర్వాత అందరూ కూతకు వెళ్ళారు. సారు కూడా ఒకసారి టోపీ తీసి వెళ్ళాడు. గీత దాటగానే ఊపిరి అయిపోయింది, గౌరవంగా బయటికి పంపాం. మధ్యాహ్నం బిర్యానీ ఇసుకతో కలిపి తిన్నాం.

ప్రదర్శనశాల గోడ మీదికి జట్టు ఫోటోనే ఎక్కింది. నేను తర్వాత వెళ్ళి చూశాను. చేతులు కట్టుకున్న తెల్ల చొక్కాలవాళ్ళ మధ్యలో బంతి పట్టుకుని మా కాకా, కింద ఆ రేవు పట్టణం కథ. రెండో ఫోటో గోడకు పనికిరాదని సారు ఒప్పుకున్నాడు గానీ, దాన్ని పెద్దది చేయించి తనే తెచ్చి కాకాకు ఇచ్చాడు. విమానాశ్రయానికి నేనే దింపాను. పెట్టెలు రెండూ లోపలికి పంపేసి, ఆ చుట్టిన ఫోటో ఒక్కటీ చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళాడు.

వారం తర్వాత వీడియో కాల్ వచ్చింది. కాకా పొలం దగ్గర ఉన్నాడట, చేసింది చిన్నమ్మ. ఫోన్ గోడకేసి తిప్పింది. కార్లు లేవు, ఫౌంటెన్ లేదు. అవి ఉన్నచోట సున్నం తెల్లగా కనిపిస్తోంది. మధ్యలో ఒక్కటే ఫోటో: నేల మీద బోర్లా పడి, నోరు తెరిచి, ముగ్గురు కాళ్ళు పట్టి లాగుతుంటే గీత మీద చెయ్యి వేసిన కాకా.

"ఇది బాగుందా చిన్నమ్మా?" అని అడిగాను.

ఎప్పుడూ మాట తడుముకోని మనిషి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"అప్పట్ల మా ఊరి బడికాడ కబడ్డి వెట్టిన్రు బిడ్డా. గోడెక్కి జూసిన. గిట్లనే వడ్డడు, గిట్లనే గీత ముట్టిండు" అంది. "నేను లగ్గం జేసుకున్నది గీ మనిషినే."